చుక్కలు లేని ఫోటోలు

మార్చి 3, సోమవారం

కిటికీ పోయింది.

పదకొండేళ్ళుగా నేను ఫోటోలు తీస్తున్న గదిని ఇవాళ ఆఫీసాయన మీటింగుల గది చేసేశారు. నన్నూ, నా కెమెరానీ, వెనకాల కట్టుకునే తెల్ల తెరనీ తీసుకెళ్ళి పాత ఫైళ్ళ గదిలో పడేశారు. కిటికీ లేదు. పైన ఒక్క ట్యూబులైటు, అదీ నిమిషానికోసారి కన్ను కొడుతోంది. "ఫోటోలకి కిటికీ దేనికమ్మా, నువ్వేమైనా బయట చెట్లు తీస్తున్నావా?" అని నవ్వారు. వెనకున్న గుమాస్తాలిద్దరూ నవ్వారు. వాళ్ళకి నవ్వడం కూడా ఉద్యోగంలో భాగం కాబోలు.

చర్మాల ఆస్పత్రిలో ఫోటో అంటే పెళ్ళి ఫోటో కాదని ఈ మనిషికి ఎన్నిసార్లు చెప్పాలి? అనుమానంగా ఉన్న పుట్టుమచ్చని మొదటిసారి ఒక ఫోటో తీస్తాను. మూడు నెలలకి మళ్ళీ తీస్తాను. అదే దూరం, అదే వెలుతురు, పక్కన అదే చిన్న స్కేలు. ఇంకో ఊళ్ళో ఉన్న పెద్ద డాక్టరుగారు శుక్రవారం శుక్రవారం ఆ రెండిటినీ పక్కపక్కన పెట్టుకుని చూసి ఒక్క ముక్క రాస్తారు. "మార్పు లేదు" అంటే మనిషి ఇంటికి పోయి ఆరు నెలల తర్వాత రావచ్చు. "మార్పు ఉంది" అంటే కోసి పరీక్షకి పంపాలి. చెడ్డ మచ్చకి ఆరు నెలలు చాలా ఎక్కువ. ఆవిడ మనిషిని చూడరు, నా ఫోటోనే చూస్తారు. అలాంటి ఫోటోకి వెలుతురు దండగట!

ఫ్లాష్ కాలిపోయి నెలైంది. మూడు ఉత్తరాలు రాశాను. మూడూ ఆయన బల్ల మీద ఒకదాని మీద ఒకటి పడున్నాయి. వాటి మీద టీ కప్పు పెట్టుకుంటున్నారు.

మార్చి 4, మంగళవారం

స్టాండు కూడా పోయింది. నా మూడుకాళ్ళ స్టాండుని రిసెప్షన్‌లో బోర్డు నిలబెట్టడానికి పట్టుకుపోయారు. ఆ బోర్డు మీద "దయచేసి నిశ్శబ్దం పాటించండి" అని ఉంది. నేను పాటించను.

మార్చి 5, బుధవారం

స్టాండు లేదు కాబట్టి కెమెరాని చేత్తో పట్టుకుని తీయాలి. బొమ్మ చెదరకూడదంటే షట్టర్ గబుక్కున మూసుకోవాలి. గబుక్కున మూసుకుంటే వెలుతురు చాలదు. బొమ్మ వెలుగుని పెంచే అంకె ఒకటుంటుంది కెమెరాలో, ఐఎస్‌ఓ అని. ఇన్నాళ్ళూ ఐఎస్‌ఓ రెండు వందల మీద తీసినదాన్ని, ఇవాళ పన్నెండు వేల ఎనిమిది వందలకి పెంచితే గానీ మచ్చ కనపడలేదు. అరవై నాలుగు రెట్లు!

వెళ్ళి చెప్పాను.

"పెంచుకోమ్మా, పెంచుకోవడానికేగా ఆ బటను పెట్టింది" అన్నారు ఆఫీసాయన. "మా అల్లుడి ఫోను చీకట్లో కూడా పట్టపగల్లా తీస్తుంది."

"ఐఎస్‌ఓ పెంచితే కొత్తగా వెలుతురు రాదు సార్. స్టేషను సరిగ్గా అందని రేడియోకి సౌండు పెంచినట్టు. పాటతో పాటు గరగర కూడా పెరుగుతుంది. ఫోటోలో ఆ గరగరే చుక్కలుగా వస్తుంది. చర్మం మీద ఇసుక చల్లినట్టుంటుంది, మచ్చ అంచు ఎక్కడుందో తెలియదు."

"రేడియో ఇప్పుడెవరు వింటున్నారమ్మా" అన్నారు.

అరికాలి మంట నెత్తికెక్కింది. పోనీ, కెమెరా తీసింది తీసినట్టే ఉంచే ముడి ఫైళ్ళయినా దాచుకుందామంటే కంప్యూటర్లో చోటు లేదని పోయిన ఏడాదే వద్దన్నారు. ఈయనకి చోటు లేనిది నా పనికే. మీటింగులకి మాత్రం గదులకి గదులే ఉంటాయి.

మార్చి 7, శుక్రవారం

వారంలో తీసినవి ఇరవై ఆరు. పదిహేడు వెనక్కొచ్చాయి. ప్రతిదాని మీదా పెద్ద డాక్టరుగారి మాట ఒక్కటే: "చుక్కలు ఎక్కువ. అంచు తెలియడం లేదు. మళ్ళీ తీయండి."

పదకొండేళ్ళలో నా ఫోటో ఒక్కటి వెనక్కి రాలేదు. ఒక్కటంటే ఒక్కటి.

మార్చి 10, సోమవారం

మీటింగు నా పాత గదిలోనే జరిగింది. నా కిటికీలోంచి ఎండ చక్కగా ఆఫీసాయన బట్టతల మీద పడుతోంది. ఆయన కాగితం తీసి అందరి ముందూ చదివారు. "ఇరవై ఆరింటిలో పదిహేడు వెనక్కి. అంటే పదిహేడు మందిని మళ్ళీ పిలవాలి. మన ఫోటోగ్రాఫరమ్మకి చూపు తగ్గినట్టుంది, ముందు ఆవిడ్ని కళ్ళ డాక్టరుకి చూపిద్దాం."

గది గదంతా నవ్వింది. నర్సమ్మలు, గుమాస్తాలు, పోయిన నెలలో చేరిన ఫార్మసీ అమ్మాయి కూడా. తల తీసేసినట్టయింది. ఏం చెప్పాలో మెట్లు దిగుతుంటే తోచింది. ఒకటి కాదు, పది సమాధానాలు తోచాయి. నా కిటికీ తీసుకుని, నా లైటు కాలబెట్టి, నా స్టాండుకి అట్ట తగిలించి, ఆఖరికి నా కళ్ళు పోయాయంటారా?

మార్చి 11, మంగళవారం

కెమెరాలోనే నాయిస్ తగ్గించే సెట్టింగొకటి ఉంటుంది. చుక్కల్ని తుడిచేస్తుంది. నాకెప్పుడూ అవసరం రాలేదు. ఇవాళ దాన్ని ఆఖరి మెట్టుకి తోశాను. ఫోటోలు అద్దంలా వచ్చాయి. ఇక ఎవరేమంటారో చూస్తాను.

మార్చి 14, శుక్రవారం

ఇరవై పంపాను. ఒక్కటీ వెనక్కి రాలేదు. సున్నా!

కాగితం పట్టుకెళ్ళి ఆఫీసాయన బల్ల మీద, నా మూడు ఉత్తరాల మీద పెట్టాను. "చూశావా, మనసు పెడితే అన్నీ అవుతాయి" అన్నారు. మనసట! నాకే మనసు లేనట్టు. అయినా సరే, సున్నా సున్నాయే.

మార్చి 18, మంగళవారం

ఇవాళ వదిన వంతు. మావారి అక్క. బట్టల మిల్లులో చెకింగు చేస్తుంది, ముప్ఫై ఏళ్ళుగా. గుడ్డ ముందు నుంచి సాగిపోతుంటే తెగిన పోగు ఎక్కడుందో వేలు పెట్టి చూపిస్తుంది. ఆ కళ్ళు మిల్లులో వదిలి రావడం ఆవిడకి చేతకాదు. మా ఇంటికొస్తే గడప దాటకముందే తలుపు వెనక బూజు కనపడుతుంది, మావారి చొక్కాకి ఊడిన బొత్తాం కనపడుతుంది, అన్నిటికన్నా ముందు నేను కనపడతాను.

మచ్చ వీపు మీద, కుడి రెక్క కింద, ఆవిడ చెయ్యి అందని చోట ఉంది. డిసెంబర్లో నేనే చూసి బలవంతంగా తీసుకొచ్చాను. అప్పుడు కిటికీ ఉంది, ఫ్లాష్ ఉంది. ఆ ఫోటో బ్రహ్మాండంగా వచ్చింది. ఇవాళ రెండోది తీశాను.

"ఇదేంటే మరదలా, నిన్ను సామాన్ల కొట్లో పడేశారా?" అంది.

"ఎక్కడున్నా నా పని నేను చేస్తాను వదినా."

"నేను పని గురించి అడగలేదే, గది గురించి అడిగాను."

ప్రతిదానికీ ఒక మాట. ఫోటో మాత్రం నున్నగా, ముత్యంలా వచ్చింది.

మార్చి 21, శుక్రవారం

వదినది: "మార్పు లేదు. ఆరు నెలల తర్వాత."

మావారు నిశ్చింతగా రెండు కప్పుల టీ తాగారు. ఆయనకి అక్కంటే ప్రాణం. నాకూ మనసు తేలికపడింది, నిజం చెప్పొద్దూ.

మార్చి 22, శనివారం

ఇంత అవమానం నా అత్తగారు బతికున్న రోజుల్లో కూడా జరగలేదు.

కాగితం తీసుకోవడానికి వచ్చిన వదిన కాగితం తీసుకుని పోవాలి కదా? "నా వీపు నేనెప్పుడూ చూసుకోలేదు, ఏదీ చూపించు" అంది. కంప్యూటర్ తెర మీద పెట్టాను. కళ్ళజోడు పైకి తోసి, కిందకి తోసి, ముక్కు తెరకి ఆనేదాకా వంగి చూసింది.

"ఏమే, ఇదెవరి వీపు?"

"మీదే వదినా."

"నాది కాదు."

"ఇప్పుడేగా అన్నారు, మీ వీపు మీరెప్పుడూ చూడలేదని!"

"వీపు చూడలేదు. ఒళ్ళు చూశానుగా. యాభై ఆరేళ్ళ ఒళ్ళు. ఇదిగో మెడ చూడు, చెయ్యి చూడు. గీతలు, గుంటలు, రోమాలు. ఇందులో ఒక్కటైనా ఉందా? ఇస్త్రీ పెట్టినట్టుంది. పోగే కనపడని గుడ్డ వస్తే నేను పాస్ చెయ్యను. పోగు కనపడకపోతే తెగిందో లేదో ఏం చెప్పను?"

పక్కన ఇద్దరు నర్సమ్మలు వింటున్నారు. నా ముఖం ఎర్రబడిపోయింది.

"ఇది మిల్లు కాదు వదినా, ఆస్పత్రి."

"అయితే ఇంకా జాగ్రత్తగా ఉండాలి" అని కాగితం మడిచి సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

మార్చి 23, ఆదివారం

మావారితో అన్నాను: మీ అక్కకి నేను ఏం చేసినా వంకే. పెద్ద డాక్టరుగారు ఒప్పుకున్న ఫోటోకి ఈవిడ వంక పెడుతుందా? ఆవిడేమైనా చదువుకుందా, లెన్సు పట్టుకుందా?

"అక్క ఊరికే ఏదీ అనదే" అన్నారు.

అంతే. ముప్పొద్దులా వండి పెట్టేది నేను, నమ్మకం మాత్రం అక్క మీద.

మార్చి 24, సోమవారం

తీయడం వచ్చినవాళ్ళకి ఐఎస్‌ఓ ఎంతున్నా ఒకటే. ఈ వారం కూడా ఒక్కటీ వెనక్కి రాదు, రాసిపెట్టుకుంటున్నాను.

మార్చి 25, మంగళవారం

వదిన డిసెంబరు ఫోటో, మార్చి ఫోటో పక్కపక్కన పెట్టి చూశాను. ఊరికే.

డిసెంబరు దాంట్లో మచ్చ పక్కన రెండు సన్నటి వెంట్రుకలున్నాయి. మార్చి దాంట్లో లేవు. రాలిపోయి ఉంటాయి. వయసు.

మార్చి 26, బుధవారం

రాలిపోవు. నాకు తెలుసు రాలిపోవని.

మార్చి 27, గురువారం

మధ్యాహ్నం భోజనం మానేసి మేడ మీదకెళ్ళాను. నా ఎడమ ముంజేతి మీద గోధుమ రంగు చుక్కలు ఎన్నున్నాయో ఎండలో కంటితో లెక్కపెట్టాను. పదకొండు. నీడ పట్టున, ఐఎస్‌ఓ రెండు వందల మీద ఫోటో తీశాను. పదకొండు.

కిందకి దిగి ఫైళ్ళ గదిలో, పన్నెండు వేల ఎనిమిది వందల మీద, ఆ సెట్టింగుతో తీశాను. నాలుగు.

మళ్ళీ తీశాను. నాలుగు.

సెట్టింగు తీసేసి, అంతే ఐఎస్‌ఓతో తీశాను. చెయ్యంతా ఇసుక. ఏడున్నాయో, తొమ్మిదున్నాయో చెప్పలేను. కానీ చెప్పలేనని తెలుస్తోంది. దీన్ని పంపితే ఎవరైనా మళ్ళీ తీయమంటారు. ఆ నాలుగు చుక్కల ఫోటో చూస్తే మాత్రం ఎవరికీ అనుమానమే రాదు. ఎంత బాగుంది చెయ్యి, అనుకుంటారు.

కెమెరాకి చుక్కంటే చుక్కే. గరగర వల్ల వచ్చినదేదో, పుట్టుకతో వచ్చినదేదో దానికేం తెలుసు? చిన్నగా కనపడిన ప్రతిదాన్నీ తుడిచేసింది. పెద్ద డాక్టరుగారు వెతికేది ఆ చిన్నవాటినే. మచ్చ చుట్టూ కొత్తగా పుట్టే సన్న చుక్కల్ని, గరుకుగా మారే అంచుల్ని. అవన్నీ తీసేసి ఆవిడకి పంపాను. ఆవిడ మార్పు లేదన్నారు. ఎలా ఉంటుంది మార్పు? నేను ఉండనిచ్చానా?

మార్చి 28, శుక్రవారం

పొద్దున్నే ఆఫీసాయన గదికెళ్ళాను. అన్నీ చెప్పాను. చెయ్యి చూపించాను, ఫోటోలు చూపించాను. ఈ మనిషి మీద నాకున్న కోపమంతా ఇవాళ తీర్చుకుంటానని వెళ్ళాను. కిటికీ, ఫ్లాష్, స్టాండు, మూడు ఉత్తరాలు, వరసగా అన్నాను.

ఆయన నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని విన్నారు. అంతా అయ్యాక, "ఆ సెట్టింగు నేను పెట్టమన్నానా?" అన్నారు.

బల్ల మీద పరిచిన ఫోటోలు ఏరుకున్నాను.

"సరే, అయిందేదో అయింది. మీ వదినగారిని పిలిచి మళ్ళీ తీసుకో. మీ ఇంటి మనిషి కదా, నేను అడ్డు చెప్పను. మిగతా వాళ్ళని ఎలాగూ ఆరు నెలల్లో తీస్తాం. ఇప్పుడు అందరికీ ఫోన్లు చేసి, మా ఫోటోలు తప్పమ్మా అంటే ఈ ఆస్పత్రి గడప ఎవరు తొక్కుతారు?"

సరేనన్నాను.

మిగతా వాళ్ళకి ఏమీ ఉండకపోవచ్చు. చాలా మచ్చలు మామూలు మచ్చలే. పదకొండేళ్ళుగా చూస్తున్నాను కదా.

రిసెప్షన్‌కెళ్ళి స్టాండు మీది అట్ట పీకి అక్కడే గోడకి ఆనించి, స్టాండు భుజాన వేసుకుని వచ్చేశాను.

మార్చి 29, శనివారం

వదినని మేడ మీదకి తీసుకెళ్ళాను. నీళ్ళ ట్యాంకు నీడలో తెల్ల తెర కట్టి, స్టాండు మీద కెమెరా పెట్టి, ఐఎస్‌ఓ రెండు వందల మీద తీశాను. మచ్చకి ఒక పక్క అంచు బయటికి జరిగింది. దాని కింద మూడు చిన్న చుక్కలు. డిసెంబర్లో లేవు. కెమెరా వదిలి కంటితో చూశాను. ఉన్నాయి. పది రోజుల కిందట కూడా అక్కడే ఉండి ఉంటాయి. నేను అరచెయ్యంత దూరంలో నిలబడి, కెమెరా తెర మీద ఫోటో ఎంత నున్నగా వచ్చిందో చూసుకుంటున్నాను.

"ఏంటే, మాట్లాడవు?" అంది వదిన.

"మళ్ళీ పంపిస్తాను వదినా. ఇవాళే చూడమని చెప్తాను."

ఆవిడ వెనక్కి తిరిగి నా ముఖం చూసి, జాకెట్టు సర్దుకుంది. తిడితే బాగుండును.

సాయంత్రానికే జవాబొచ్చింది. "మార్పు ఉంది. వెంటనే తీసేయాలి."

ఏప్రిల్ 1, మంగళవారం

తీసేశారు. ఆరు కుట్లు. ముక్క పరీక్షకెళ్ళింది. మావారు నాతో మాట్లాడటం లేదు. నేనే చెప్పాను ఆయనకి, అంతా.

ఏప్రిల్ 2, బుధవారం

వదినకి కూడా చెప్పాను. చెప్పేటప్పుడు మళ్ళీ కిటికీ దగ్గర్నుంచే మొదలుపెట్టాను. ఆఫీసాయన ఎలా నవ్వాడో, ఫార్మసీ అమ్మాయి ఎలా నవ్విందో. ఆవిడ బోర్లా పడుకుని, దిండు మీద బుగ్గ ఆనించి వింటోంది.

"అలా ఎంతమందిని తీశావు?"

"అరవై ఒకటి. మీతో కలిపి."

"మిగతా అరవై మందికి చెప్పావా?"

ఆఫీసాయన అన్నది చెప్పాను. ఆరు నెలలు, గడప, అదంతా.

కుట్లున్న మనిషి, లేవకూడదు. అయినా మోచేతి మీద లేచింది. "మా దగ్గర ఒక్క థానులో తప్పు దొరికితే ఆ మగ్గం మీద ఆ వారం దిగిన సరుకంతా వెనక్కి తెప్పిస్తాం. లారీ ఎక్కినా సరే, దించుతాం. అది గుడ్డే! కట్టుకుంటే చిరుగుతుంది, అంతే, ఎవరూ చావరు. నీ మొగుడి అక్కని కాబట్టి నాకు రెండో ఫోటో, మిగతా వాళ్ళకి ఎవరూ లేరనా?"

"నేనేం చేయను వదినా, ఆఫీసాయన..."

"ఆఫీసాయన, ఆఫీసాయన! వచ్చినప్పట్నుంచీ ఆయన పేరే జపం చేస్తున్నావు. ఆయన వెధవే, ఒప్పుకున్నాను. ఇప్పుడు నీ సంగతి చెప్పు."

నా సంగతి. ఆ సెట్టింగుని తోసింది నా బొటనవేలు. ఆఫీసాయనకి కెమెరాలో అలాంటిదొకటి ఉందనే తెలియదు. గరగర ఉన్న ఫోటోలు పంపి, వెనక్కొచ్చిన ప్రతిసారీ "వెలుతురు లేదు, కనపడటం లేదు" అని రాస్తూ పోతే చాలు. నవ్వేవాళ్ళు నవ్వేవాళ్ళు. నవ్వినంత మాత్రాన నాదేం పోయేది? పదకొండేళ్ళలో ఒక్కటి వెనక్కి రాలేదన్న పొగరు పోయేది. ఆ పొగరు కాపాడుకోవడానికి అరవై ఒక్క మంది ఒళ్ళు తుడిచిపెట్టాను. ఛీ.

ఏప్రిల్ 4, శుక్రవారం

పెద్ద డాక్టరుగారికి నేనే ఫోన్ చేశాను. ఆఫీసాయన్ని అడగలేదు. సెట్టింగు సంగతి చెప్పి, అరవై ఒక్క ఫోటోల నంబర్లూ చదివాను. ఆవిడ ఒక్కొక్కటీ రాసుకున్నారు.

"చుక్కలున్నన్నాళ్ళూ నేను మళ్ళీ అడిగాను కదమ్మా" అన్నారు చివరికి. "ఆ తర్వాత నాకు అడగాలని తోచకుండా చేశావు."

అరుస్తారనుకున్నాను. అరవలేదు. అరవై ఒక్కటీ రద్దు చేస్తున్నట్టు అప్పటికప్పుడే ఆస్పత్రికి రాసి పంపారు. అందరినీ పిలిచి, వెలుతురులో మళ్ళీ తీయమన్నారు. ఆఫీసాయన నా గదికొచ్చి తలుపు దగ్గర నిలబడి, "నీకు ఈ ఉద్యోగం అక్కర్లేదన్నమాట" అన్నారు.

"అక్కర్లేదో ఉందో తర్వాత చూద్దాం సార్. ముందు నాకు ఫోను కావాలి, కిటికీ ఉన్న గది కావాలి."

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆయన వెళ్ళిపోయారు. మధ్యాహ్నానికి మీటింగుల గది తాళం నా బల్ల మీద ఉంది. ఎవరు పెట్టారో అడగలేదు.

ఏప్రిల్ 8, మంగళవారం

నలభై నాలుగు మంది వచ్చారు. ఒకావిడ, "మొదటిదే బాగుందమ్మా, అందులో వయసు తగ్గింది" అంది. ఒకాయన సెలవు పెట్టి రావాల్సి వచ్చిందని గంటసేపు దులిపేశాడు. పడ్డాను.

ఒక ముసలాయనది మారింది. కోయాలి.

ఏప్రిల్ 11, శుక్రవారం

వదిన పరీక్ష కాగితం వచ్చింది. చెడ్డదే. కానీ పైపైనే ఉంది, మొత్తం వచ్చేసింది. చుట్టూ ఇంకాస్త కోస్తే చాలట. "పది రోజులు ఆలస్యానికి ఏమీ కాలేదు. ఆరు నెలలైతే వేరే మాట" అన్నారు పెద్ద డాక్టరుగారు.

మావారు ఇవాళ నన్ను టీ అడిగారు. ఇచ్చాను.

అరవై మంది అయ్యారు. ఒక్కరు మిగిలారు. పెయింటరు, ఎడమ భుజం. ఫోన్ చేస్తే ఆ నంబరు లేదంటోంది. కాగితం మీదున్న చిరునామాకెళ్తే, గది ఖాళీ చేసి మూడు వారాలైందట. ఆయన ముఖం గుర్తుందా అని ఆ ఇంటి యజమానురాలు అడిగింది. లేదు. నేను ముఖాలు చూడను. ఆయన వచ్చాడు, చొక్కా విప్పాడు, తీశాను, వెళ్ళాడు.

ఏప్రిల్ 12, శనివారం

రంగుల దుకాణాలు తిరిగాను. పెయింటర్లంతా పొద్దున్నే అక్కడికొస్తారని చెప్పారు. చేతిలో ఉన్నదల్లా భుజం ఫోటో. ఏడు దుకాణాల్లో చూపించాను.

ఏడో దుకాణాయన ఫోటోని దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూశాడు. "ఇంత నున్నటి భుజం మా పెయింటర్లలో ఎవడికుందమ్మా? సబ్బు ప్రకటనలోదా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నాకు కోపం రాలేదు. ఏమని వస్తుంది? ఆ ఫోటోతో ఆ మనిషిని కన్నతల్లి కూడా పోల్చుకోలేదు.

ఏప్రిల్ 14, సోమవారం

వదిన వస్తానంది. కుట్లు విప్పి రెండు రోజులైనా కాలేదు, వద్దంటే వింటుందా? "నువ్వు ఫోటో పట్టుకుని తిరుగుతూనే ఉంటావు. నాకు నోరుంది" అంది.

బడి గోడలకి రంగులు వేస్తున్నారని తెలిసి అక్కడికెళ్ళాం. మూడంతస్తుల ఎత్తున వెదురు కర్రల మీద పదిమందికి పైగా ఉన్నారు. ఎండకి చొక్కాలు విప్పేసి, అందరి వీపులూ మా వైపే. నేను ఒక్కో భుజమే చూస్తూ నిలబడిపోయాను. అన్నిటి మీదా సున్నం చిందులు.

వదిన నోటికి రెండు చేతులూ అడ్డుపెట్టుకుని కేకేసింది. "అయ్యలారా! ఎడమ భుజం మీద మచ్చున్నవాళ్ళెవరు? చర్మాల ఆస్పత్రికి వెళ్ళొచ్చినవాళ్ళు!"

పైన గొల్లున నవ్వారు. ఒకడు, "పెళ్ళి సంబంధమా పిన్నీ?" అన్నాడు. రెండో అంతస్తులో ఒకాయన మాత్రం నవ్వలేదు. బ్రష్ డబ్బా మీద పెట్టి, మెల్లగా దిగాడు. నలభై ఏళ్ళుంటాయి. ముఖం సన్నగా, కనుబొమల మీద నీలం రంగు. ఈసారి చూశాను.

"నేనేనమ్మా. ఏమైంది?"

వెనక్కి తిరగమన్నాను. తడిగుడ్డతో సున్నం తుడిచాను. కెమెరా సంచిలోనే ఉంది. మధ్యాహ్నపు ఎండలో, ఉత్త కళ్ళకే కనపడుతోంది. ఒక అంచు కిందకి జారింది. చుట్టూ చిన్న చుక్కలు, నాలుగు.

"మార్పు లేదని కాగితమిచ్చారుగా?" అన్నాడు అటే తిరిగి.

"ఆ కాగితం తప్పు. ఫోటో తప్పు కాబట్టి కాగితం తప్పు. ఫోటో తీసింది నేను."

ఆయన ఇటు తిరిగాడు. ఏమన్నాడో మొత్తం రాస్తున్నాను, మర్చిపోకూడదు.

"కనపడకపోతే కనపడలేదని చెప్పడానికేం రోగమమ్మా మీకు? ఆ కాగితం మా ఆవిడ పెట్టె అడుగున దాచుకుంది. ఊళ్ళో మా అమ్మకి ఫోన్ చేసి చదివి వినిపించింది. నెల రోజులుగా నేను హాయిగా నిద్రపోతున్నాను. ఎందుకు పోనిచ్చారు నన్ను? ఎవరిచ్చారు మీకా హక్కు?"

పైనున్న వాళ్ళంతా పని ఆపేశారు. వదిన ఏదో సర్దిచెప్పబోయింది. "బాబూ, ఆవిడే వెతుక్కుంటూ..."

"ఆయన్ని అననివ్వండి వదినా" అన్నాను.

అన్నాడు. చాలాసేపు అన్నాడు. అలిసిపోయాక చొక్కా తొడుక్కుని మాతో వచ్చాడు. బస్సులో వేరే సీట్లో కూర్చున్నాడు.

గదిలో కిటికీ రెక్కలు పూర్తిగా తీశాను. స్టాండు, స్కేలు, ఐఎస్‌ఓ రెండు వందలు. ఆయన చొక్కా విప్పి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. షట్టర్ చప్పుడు విని, తల తిప్పకుండానే అడిగాడు.

"ఈసారైనా కనపడుతోందా?"

"కనపడుతోంది" అన్నాను.